వాడేసిన ఆయిల్ వడగట్టి లారీలో పోయొచ్చా?

గాజువాక_లారీ:
అందరికీ నమస్తే. నాకు రెండు బండ్లున్నాయి. ఒకటి పాత టాటా 1613, మైకో పంపుది (డీజిల్ కొట్టే పాతకాలం మెకానికల్ పంపు). రెండోది బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల బండి. సర్వీసులప్పుడు దింపిన ఇంజన్ ఆయిల్ షెడ్డులో డ్రమ్ములకొద్దీ పేరుకుంది. వారం రోజులు కదపకుండా తేరనిచ్చి, పై ఆయిల్ తోడి, రెండు ఫిల్టర్లలో వడగట్టి, డీజిల్‌లో నాలుగో వంతు కలిపి పోసుకోమంటున్నాడు మా మిస్త్రీ. హోటళ్ల నుంచి కాగిన వంటనూనె కూడా తెప్పిస్తానంటున్నాడు. డీజిల్ వందకి దగ్గర్లో ఉంది, కిరాయిలు మాత్రం పెరగట్లేదు. పొయ్యమనేవాళ్లు, వద్దనేవాళ్లు కారణం చెప్పి రాయండి.

కర్నూలు_పదిటైర్లు:
తమ్ముడూ, బీఎస్-6 జోలికి పోవద్దు. 1613కి మాత్రం ధైర్యంగా పొయ్యి. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజన్ నడిపి చూపించారు. అమెరికా ఆర్మీ ఎం35 లారీల్లో మల్టీఫ్యూయల్ ఇంజన్లుండేవి. డీజిల్, కిరోసిన్, విమానాల ఇంధనం, అవసరమైతే పెట్రోలు, ఏది పోసినా నడిచేవి. వేలంలో ఆ బండ్లు కొన్నవాళ్లు వాడేసిన ఇంజన్ ఆయిల్ వడగట్టి నడుపుతున్నారు. అంతెందుకు, కమిన్స్ కంపెనీయే ఒకప్పుడు సెంటినెల్ అనే సిస్టం ఇచ్చింది. బండి నడుస్తుండగానే సంపులోంచి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నె) పాత ఆయిల్ కొంచెం కొంచెం తీసి డీజిల్‌లో కలిపి కాల్చేస్తుంది, ఆ మేరకు కొత్తది పోస్తుంది. నేను చెప్పేదీ ఆ పద్ధతే.

ఆటోనగర్_పంపురూం:
అన్నా, మీరు చెప్పినవి నిజమే. కానీ సెంటినెల్ కలిపేది చాలా తక్కువ, అదీ కంప్యూటర్ లెక్క ప్రకారం. ఇక్కడ మిస్త్రీ చెబుతున్నది నాలుగో వంతు.

నాది విజయవాడ ఆటోనగర్‌లో పంపులు, నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మొనలు) పని. వడగడితే ఆయిల్ శుభ్రపడుతుందనే నమ్మకం మీదే నా అభ్యంతరమంతా. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్‌లో వడగట్టి చూడండి, నల్లగానే దిగుతుంది. ఆ నలుపు మసి. అందులో చాలా భాగం ఒక మైక్రాన్ కన్నా బాగా సన్నం. పైగా మసి ముద్దకట్టి అడుక్కి చేరకూడదనే కంపెనీలు ఆయిల్‌లో మందులు కలుపుతాయి. అందుకే వారం కాదు, నెల తేరనిచ్చినా అది పూర్తిగా దిగదు. గిర్రున తిప్పి మడ్డి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ పెడితే కొంత వస్తుంది. ఇక కరిగి ఉన్న జింకు, కాల్షియం, ఫాస్ఫరస్ ఏ ఫిల్టర్‌కీ చిక్కవు. అవి కాలి మాయమైపోవు, బూడిదగా మిగులుతాయి.

ఇలా నడిపిన బండి హెడ్డు దింపితే పిస్టన్ నెత్తిన, వాల్వుల అంచున తెల్లటి గట్టి పొర కనబడుతుంది, గోరుతో గీకితే రాదు. నాజిల్ మొన చుట్టూ బొగ్గు కట్టి ఉంటుంది. బెంచి మీద పెట్టి చేతిపంపు కొడితే, మంచి నాజిల్ సన్నటి పొగలా చిమ్ముతుంది. ఇది ఒక పక్కకి ధార కొట్టి, ఆపగానే మొన నుంచి బొట్లు కారుస్తుంది. సిలిండర్‌లో అలా కారిన డీజిల్ బోరు (పిస్టన్ ఆడే గొట్టం) గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. డీజిల్‌లో మిగిల్చిన డబ్బు బోరు పనికి పెట్టాలి.

ఇంకో సంగతి. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. లారీల్లో పోసే 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ అదే వేడిలో 100 దాటుతుంది. అందుకని కొందరు పెట్రోలు కలిపి పల్చన చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. షెడ్డు నిండా పెట్రోలు ఆవిరి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ పడినా మనుషులు పోతారు.

బీఎస్-6 గురించి కర్నూలు అన్న మాటే నాదీ. ఇంజెక్టర్ లోపలి సందు రెండు మూడు మైక్రాన్లే. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చేరిన మసి రీజనరేషన్‌లో, అంటే దాన్ని బాగా వేడెక్కించినప్పుడు, కాలిపోతుంది కానీ బూడిద కాలదు, అక్కడే ఉండిపోతుంది.

కర్నూలు_పదిటైర్లు:
మీరు చూసినవి కాదనను. కానీ మీ బెంచి మీదికి వచ్చేవన్నీ చెడిపోయిన నాజిల్సే, బాగా నడిచే బండి మీ షాపు గడప తొక్కదు. నాలుగో వంతు ఎక్కువే, ఒప్పుకుంటా. పదో వంతు పోస్తే ఏమవుతుంది? ఇంకో రెండు మూడేళ్లలో స్క్రాప్‌కి పోయే బండికి బోరు అరిగిందని ఎవరు ఏడుస్తారు?

నల్లగొండ_డ్రైవర్:
ఓనర్ల లెక్కలన్నీ చదివాను. నేను జీతానికి నడిపేవాణ్ణి. మునుపు పనిచేసిన ఓనర్ ఇలాగే కలిపించేవాడు. లోడు మీద ఘాట్ ఎక్కుతుంటే పొగ క్యాబిన్‌లోకి కొట్టేది, కళ్లు మండేవి. క్లీనర్ కుర్రాడు రాత్రంతా దగ్గేవాడు. ట్యాంకులో ఏం పోశారో మాకు చెప్పరు. దారిలో బండి ఆగితే రోడ్డు పక్కన ఫిల్టర్ మార్చేది మేము. మైలేజీ తగ్గితే డీజిల్ అమ్ముకున్నావని మాట పడేదీ మేమే. ఇది కూడా లెక్కలో వేయండి.

పటాన్‌చెరు_కెమిస్ట్:
వంటనూనె సంగతి నేను చెబుతాను. హోటళ్ల నుంచి వచ్చేది ఎక్కువగా పామాయిల్. చలికాలం తెల్లవారుజామున ఆదిలాబాద్ వైపు బండి ఆపితే ట్యాంకులోనే పేరుకుంటుంది. సన్‌ఫ్లవర్ పేరుకోదు కానీ, రింగుల సందున సంపులోకి జారితే ఇంజన్ ఆయిల్‌తో కలిసి జిగురుగా మారుతుంది. విదేశాల్లో నేరుగా పోసేవాళ్లు రెండు ట్యాంకులు పెట్టుకుంటారు. డీజిల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక నూనెకి మార్చి, ఆపేముందు మళ్లీ డీజిల్‌కి వస్తారు. ఊరూరా ఆగే మన లారీలకి అది కుదరదు.

ఆ నూనెకి సరైన చోటు బయోడీజిల్ ప్లాంటు. మిథనాల్, క్షారంతో చర్య జరిపించి గ్లిజరిన్ వేరుచేస్తే చిక్కదనం డీజిల్‌కి దగ్గరగా వస్తుంది. బయోడీజిల్‌కి ఉన్న ఐఎస్ 15607 ప్రమాణానికి తగ్గట్టుంటే 7 శాతం దాకా డీజిల్‌లో కలపొచ్చు. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మళ్లీ మళ్లీ కాగితే పెరిగే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే మళ్లీ వంటకి వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో రూల్ పెట్టింది, అదే ఏడాది ఆ నూనె సేకరణకి రూకో కార్యక్రమం మొదలుపెట్టింది. అది మళ్లీ బజ్జీల బండి మూకుట్లోకి పోకుండా ప్లాంటుకి పోవాలని నా కోరిక.

ఇంజన్ ఆయిల్ అయితే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోకి వస్తుంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. వాక్యూమ్ డిస్టిలేషన్ (గాలి తీసేసి మరిగించి వేరుచేయడం) చేస్తే అందులోంచి మళ్లీ బేస్ ఆయిల్, అంటే కొత్త ఆయిల్ తయారీకి మూలమైన నూనె, వస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి వాడేసిన ఆయిల్‌ని రీసైకిల్ చేయించే బాధ్యత ఆయిల్ కంపెనీల మీద కూడా పెట్టారు.

గాజువాక_లారీ:
నల్లగొండ అన్నా, మీ మాట మా డ్రైవర్‌కి చదివి వినిపించాను, అవునన్నాడు. నేనైతే పొయ్యను. కానీ రీసైక్లర్ నాలుగు డ్రమ్ముల కోసం షెడ్డుకి వస్తాడా?

ఆటోనగర్_పంపురూం:
మీ ఒక్కరి కోసం రాడు. లారీ ఓనర్ల అసోసియేషన్ తరఫున అందరి డ్రమ్ములూ ఒకచోట చేర్చి పిలిస్తే ట్యాంకరే వస్తుంది. అనుమతి ఉన్నవాళ్లెవరో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో అడగండి. డ్రమ్ములో కూలెంట్, బ్రేక్ ఆయిల్, వంటనూనె కలవనివ్వకండి, కలిస్తే రేటు కోస్తారు.

కర్నూలు_పదిటైర్లు:
పాత ఆయిల్‌కి మంచి రేటు చేతిలో పెడితే మా డ్రమ్ములూ పంపిస్తాను. అప్పటిదాకా నా పాత బండిలో పదో వంతు పోస్తూనే ఉంటా. కాకపోతే ఇకమీదట డ్రైవర్‌కి చెప్పి పోస్తా, మైలేజీ గురించి అతన్ని అనను.