నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషికి పగలు నిద్ర పట్టేదెలా?

మాది గుంతకల్లు, ఉండేది చెన్నై పెరంబూరులో. మావారు అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజన్లో డ్రైవర్‌కి తోడుగా ఉండే సహాయకుడు. వరసగా నైట్ డ్యూటీలు పడితే, పొద్దున పడుకున్న గంటన్నరకే లేచి కూర్చుంటారు. పక్కింటి కుక్కర్ విజిల్, పై ఇంటి మిక్సీ. కిటికీకి నల్లదుప్పటి కట్టా, ఉక్కపోత తట్టుకోలేకపోయాం.

2023లో ఒడిశాలో జరిగిన బాలాసోర్ రైలు ప్రమాదానికి కారణం సిగ్నల్ సర్క్యూట్ పనుల్లో జరిగిన లోపాలని విచారణలో తేలింది. మా వీధిలో మాత్రం అందరూ ముందు అడిగింది "డ్రైవర్ నిద్రపోయాడా?" అనే. అప్పట్నుంచి నాకు గుబులు. సిగ్నల్ కనపడగానే ఇంజన్లో ఇద్దరూ దాన్ని పైకి చెప్పుకుంటారు, నిజమే. కానీ తెల్లవారుజామున మూడూ నాలుగింటికి కళ్లు వాలకుండా ఉంటాయా?

మీ ఇళ్లలో ఎలా సర్దుకుంటున్నారు? డ్యూటీకి ముందు కునుకు తీస్తే మేలా? చివరి కాఫీ ఎన్నింటికి ఆపాలి?