మామయ్య పాత కాన్‌షెల్ఫ్ రెగ్యులేటర్‌కి పార్ట్‌లు ఎక్కడ దొరుకుతాయి?

కావలి కుర్రోడు: మా మామయ్య చెన్నై హార్బర్‌లో డైవర్‌గా ఉన్నప్పటి యూఎస్ డైవర్స్ కంపెనీ కాన్‌షెల్ఫ్ (నీళ్లలో సిలిండర్ గాలి పీల్చుకునే రెగ్యులేటర్) అటక మీద దొరికింది. సిలిండర్‌కి తగిలిస్తే మౌత్‌పీస్ నుంచి సన్నగా గాలి కారుతూనే ఉంది. నెల్లూరు, ఒంగోలు తిరిగినా ఓ-రింగ్‌లు (గాలి కారకుండా వేసే రబ్బరు రింగులు) తప్ప ఏమీ దొరకలేదు. జువ్వలదిన్నె దగ్గర ఒకసారి దిగి చూద్దామని ఉంది.

ఉప్పుగాలి: దిగడం మాత్రం ఇప్పుడే వద్దు తమ్ముడూ. ముందు ఫస్ట్ స్టేజ్‌కి (సిలిండర్‌కి తగిలే భాగం) గేజ్ పెట్టి ఇంటర్మీడియట్ ప్రెషర్, అంటే అక్కణ్ణుంచి గొట్టంలోకి వచ్చే గాలి ఒత్తిడి చూడు, సుమారు 125–140 పీఎస్‌ఐ దగ్గర ముల్లు నిలబడాలి, నిలబడకుండా మెల్లగా పైకి పాకుతుంటే హెచ్‌పీ సీటు (ఫస్ట్ స్టేజ్‌లో హై ప్రెషర్ గాలిని ఆపే సీలు) అరిగినట్టే, అది మార్చకుండా సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) ఎంత బిగించినా పీల్చడం బరువవుతుంది గానీ లీకు ఆగదు.

పాతసామాను: టైటాన్ అనే రెగ్యులేటర్ సర్వీస్ కిట్ (అరిగినవి మార్చే పార్ట్‌ల సెట్) చాలా కాన్‌షెల్ఫ్‌లకు పనికొస్తుంది, మోడల్ సరిచూసుకుని తెప్పించుకో. బేరింగ్ షాపు ఓ-రింగ్‌లు కొలత ఒకటే అయినా గట్టిదనం వేరు, హై ప్రెషర్ వైపు వెయ్యొద్దు. పచ్చగా చిలుము పట్టిన ఇత్తడిని నీళ్లు కలిపిన వెనిగర్‌లో పది నిమిషాలు నానబెట్టు చాలు, నేను రాత్రంతా ఉంచి క్రోమ్ పూత పోగొట్టుకున్నా! మిషన్ ఆయిల్ జోలికి పోవద్దు.

కావలి కుర్రోడు: గేజ్ పెట్టి చూశా అన్నా, ముల్లు పాకుతోంది. సీటే.