ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే కిర్రు, ఆ వెంటనే టంగ్‌మని దెబ్బ. చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాక్ పోయిందంటున్నారు, నిజమేనా?

కిటికీసీటు:
అందరికీ నమస్కారం. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత హ్యాచ్‌బ్యాక్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. బండి నిలబెట్టి స్టీరింగ్ ఎడమకి తిప్పుతుంటే ముందు కిర్రుమంటుంది. సగం తిరిగాక ముందు చక్రం దగ్గర టంగ్‌మని ఒక్క దెబ్బ. మళ్ళీ తిన్నగా తెచ్చేటప్పుడు ఇంకోటి. పార్కింగ్‌లో అయితే పక్కవాళ్ళు తలతిప్పి చూస్తున్నారు. రోడ్డెక్కి వేగం అందుకున్నాక ఏ చప్పుడూ లేదు, బండి ఒక పక్కకి లాగడం కూడా లేదు. మెకానిక్ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి విని, బండి కింద చూడకుండానే ర్యాక్ మొత్తం మార్చాలన్నాడు. అంత పనికి ఒప్పుకునే ముందు నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా? జాకీ, స్టాండ్లు, పానాల సెట్టు ఉన్నాయి.

జెట్‌గేరు:
పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గి ఉంటుంది బ్రో. పోసి చూడు, నా బండికి అలాగే పోయింది.

పానాపట్టు:
జెట్‌గేరు గారూ, ఆయన ఎలక్ట్రిక్ అని రాశారు కదా. మోటారుతో తిరిగే స్టీరింగ్‌లో ఆయిల్ ఎక్కడ పోస్తారు? మీది హైడ్రాలిక్ అయి ఉంటుంది. వాటిలో ఆయిల్ తగ్గి పంపులోకి గాలి పోతే మూలుగు వస్తుంది, డబ్బాలో నురగ కూడా కనపడుతుంది. ఇక్కడ ఆయన చెప్పేది మూలుగు కాదు, దెబ్బ.

కిటికీసీటు గారూ, బండి ఆగి ఉన్నప్పుడే వస్తోందన్నారు చూడండి, అదే మీకు పెద్ద ఆధారం. సి.వి. జాయింట్ (ఇంజన్ శక్తిని చక్రానికి అందించే యాక్సిల్ కీలు) అరిగితే చక్రం దొర్లుతుంటేనే, అదీ మలుపులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడే టకటకమంటుంది. వీల్ బేరింగ్ అయితే వేగంతో పాటు పెరిగే హోరు. ఈ రెండూ పక్కన పెట్టేయొచ్చు. ర్యాక్ లోపల అరిగితే గతుకుల మీద గడగడ, తిన్నగా పోతున్నా స్టీరింగ్‌లో ప్లే (వదులు). మీరు రాసినదాంట్లో ఆ రెండూ లేవు.

నా అనుమానం స్ట్రట్ (ముందు చక్రం దగ్గర నిలువుగా ఉండే షాక్ అబ్జార్బర్) టాప్ మౌంట్ బేరింగ్ మీద. మీలాంటి బండ్లలో చాలావాటికి ముందు చక్రం తిరిగితే స్ట్రట్, దాని మీది స్ప్రింగ్ కూడా కలిసి తిరగాలి. తిరగనిచ్చేది పైనున్న ఆ చిన్న బేరింగే. అందులో దుమ్ము, నీళ్ళు చేరి పట్టేస్తే కింది నుంచి స్ప్రింగ్ మెలితిరుగుతూ పోయి, ఇక ఆగలేక ఒక్కసారిగా విదిలించుకుంటుంది. మీ కిర్రు ఆ మెలి, మీ టంగ్ ఆ విదిలింపు.

పరీక్షకి జాకీ వద్దు. చక్రాలు నేల మీదే ఉండాలి, బరువు తీసేస్తే చప్పుడు దాక్కుంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆన్ చేసి ఒకరిని మెల్లగా స్టీరింగ్ తిప్పమనండి. మీరు వీల్ ఆర్చ్ లోంచి స్ప్రింగ్ బయటి వైపు వేళ్ళు ఆనించండి. ఆనించడమే. చుట్ల మధ్య వేలు పెట్టారో, నలుగుతుంది. చక్రానికి, బాడీకి మధ్య కూడా చెయ్యి ఇరుక్కోకుండా చూసుకోండి. బేరింగ్ బాగుంటే స్ప్రింగ్ సాఫీగా తిరుగుతుంది, పట్టేస్తే మీ వేళ్ళ కింద ఎగిరిపడుతుంది. రెండు వైపులా చూడండి.

స్ప్రింగ్ సాఫీగానే ఉండి, దెబ్బ స్టీరింగ్ పట్టుకున్న చేతికి తగులుతుంటే అప్పుడు పెడళ్ళ పైన కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి వచ్చే కడ్డీ) కింది జాయింట్ చూడాలి. అక్కడే షాఫ్ట్ చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది. ఎండిపోతే అదీ కిర్రుమంటుంది. దానికి సిలికాన్ గ్రీజు చాలు. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

ఎలాగూ స్టాండ్లున్నాయి కాబట్టి తర్వాత చక్రం ఎత్తి, గడియారంలో 3, 9 దగ్గర పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే ర్యాక్‌ని చక్రానికి కలిపే టై రాడ్ వైపు చూడాలి. 12, 6 దగ్గర ఊగితే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్.

కిటికీసీటు:
మా తమ్ముడు తిప్పాడు, నేను చెయ్యి ఆనించాను. ఎడమ స్ప్రింగ్ దడేల్‌మని ఎగిరింది, చెయ్యి లాగేసుకున్నాను! కుడిది సాఫీ. చక్రాల్లో ప్లే లేదు. ఇంకొకటి, ఇంజన్ ఆపి స్టీరింగ్ కొద్దిగా కదిపితే హారన్ మూత వెనక కాగితం నలిపినట్టు సన్నటి శబ్దం. అది వేరే జబ్బా? బేరింగ్ నేనే మార్చుకుందామనుకుంటున్నా. బానెట్ కింద మధ్య నట్టు కనపడుతోంది.

పానాపట్టు:
ఆ మధ్య నట్టు ముట్టుకోకండి. నొక్కిపెట్టిన స్ప్రింగ్‌ని ఆపి ఉంచేది అదే. స్ట్రట్ బయటికి తీసి, స్ప్రింగ్ కంప్రెసర్ బిగించాకే అది విప్పాలి. అంతకుముందు విప్పితే స్ప్రింగ్ తుపాకీ గుండులా వస్తుంది, ప్రాణాలు పోతాయి. కంప్రెసర్ వాడిన అలవాటు లేకపోతే ఈ పని షాపుకే వదిలేయండి.

ఆ సన్నటి శబ్దం వేరే. క్లాక్ స్ప్రింగ్ అంటారు, ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ వైరు తీసుకెళ్ళే రిబ్బను. హారన్ మోగుతూ, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగకుండా ఉన్నంతవరకు తొందర లేదు. లైటు వెలిగితే మాత్రం వెంటనే చూపించండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోటు కాబట్టి ఇంట్లో విప్పే పని కాదు.

కిటికీసీటు:
సరే, విప్పను. ఎడమది ఒక్కటే మార్పిస్తే చాలదా?

పానాపట్టు:
రెండూ ఒకే వయసువి. కుడిదీ ఇప్పుడే మార్పించండి, బంప్ స్టాప్‌లు (స్ట్రట్ పూర్తిగా కుంగి కొట్టుకోకుండా ఆపే రబ్బర్లు), దుమ్ము కవర్లు చిరిగి ఉంటే వాటితో సహా. షాపులో ఏ భాగం ఆర్డరు పెట్టకముందే ఆ మెకానిక్ చెయ్యి కూడా ఎడమ స్ప్రింగ్ మీద పెట్టించండి, ర్యాక్ మాట మళ్ళీ ఎత్తడు. స్ట్రట్ బోల్టులు విప్పితే చాలా బండ్లలో క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారుతుంది, అందుకని వీల్ అలైన్‌మెంట్ ఆ పనిలో కలిసి ఉందో లేదో ముందే అడగండి.