సిరొంచ నుంచి అడుగుతున్నా: ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయాలా, లా చదవాలా?

అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, చదువంతా మరాఠీలో. ఈ మధ్యే బీఏ అయిపోయింది.

2006 అటవీ హక్కుల చట్టం కింద అటవీ భూమి పట్టా కోసం మా ఊరివాళ్లకు క్లెయిమ్ ఫారాలు నింపిపెడుతుంటాను. ఆదివాసీలైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ భూమి తమ స్వాధీనంలో ఉందని చూపాలి. మిగతావాళ్లకు అసలు చిక్కు: మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీదే బతుకుతున్నట్టు రుజువు కావాలి. మొన్న ఒక పెద్దమ్మ పాలిథిన్ కవర్లోంచి పాత శిస్తు రసీదు తీసింది. సరిగ్గా సంవత్సరం ఉన్న మడత దగ్గరే చెదలు కొట్టేసింది! ఊరి పెద్దలు చెప్పింది రాసి పెట్టినా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. ఆఫీసులో మాత్రం ‘కాగితం తెండి’ అంటారు.

ఈ పనిలోనే ఉండిపోవాలని ఉంది. నాన్నేమో పోలీస్ భర్తీకి తయారవమంటున్నాడు, రోజూ అదే టెన్షన్. తుల్జాపూర్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివినవాళ్లు గానీ, మా జిల్లాలో పనిచేసే డాక్టర్ అభయ్ బంగ్ గారు యువత కోసం పెట్టే ‘నిర్మాణ్’ సామాజిక సేవా శిబిరాలకు వెళ్లినవాళ్లు గానీ ఉన్నారా? ఆ తర్వాత జీతం, ఇల్లు ఎలా నెట్టుకొస్తున్నారు? నాలాంటి పనికి లా డిగ్రీయే ఎక్కువ అక్కరకొస్తుందా? ఇంగ్లిష్ అంతంతమాత్రం, అదీ చూసుకుని చెప్పండి అన్నా, అక్కా.