అప్‌డేట్: ఎన్‌హెచ్ఎస్ గైడెడ్ సెల్ఫ్ హెల్ప్ గురించి అడిగాను కదా

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) వాళ్లు ఆందోళన, డిప్రెషన్‌కి ఈ గైడెడ్ సెల్ఫ్ హెల్ప్ (ఒకరి సాయంతో మనమే చేసుకునే థెరపీ) చెప్పారు, అంటే బుక్‌లెట్ చేతిలో పెట్టి నీ తిప్పలు నువ్వు పడమంటారా అని అప్పుడు అడిగాను.

అలా ఏం లేదు. జీపీతో (మన ఫ్యామిలీ డాక్టర్‌తో) పని లేకుండా ఆన్‌లైన్‌లో మనమే రిఫర్ చేసుకోవచ్చు, మామూలుగా 6 నుంచి 8 సెషన్లు, నాకైతే ఫోన్‌లోనే. మాట్లాడేది సైకాలజిస్ట్ కాదు, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే థెరపీ) పద్ధతిలో ట్రైనింగ్ తీసుకున్న పీడబ్ల్యూపీ (సైకలాజికల్ వెల్‌బీయింగ్ ప్రాక్టీషనర్). ప్రతిసారీ గత రెండు వారాల గురించి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో చూసేది), జీఏడీ-7 (ఆందోళన ఎంతుందో చూసేది) ప్రశ్నలు అడుగుతారు, విసుగే. అందులో ప్రాణం మీద విరక్తి గురించి కూడా ఒకటి ఉంటుంది, దాచకుండా చెప్పేయండి. చిన్నప్పటి సంగతులేవీ తవ్వరు.

నాకు బాగా పనికొచ్చింది ‘వర్రీ టైమ్’: పొద్దుట్నుంచీ బుర్ర తినేసే భయాలన్నీ కాగితం మీద రాసి పక్కన పడేసి, సాయంత్రం ఆరింటికే తీసి చూడాలి, అప్పటికి సగం వాటిలో పసే ఉండదు (వీసా టెన్షన్ మాత్రం ఆరింటికీ అలాగే ఉండేది, అది వేరే కథ).

సెషన్ల మధ్య ఇచ్చే హోంవర్క్ చేయకపోతే మాత్రం శుద్ధ దండగ. ఇది చాలకపోతే పూర్తిస్థాయి సీబీటీకి పంపుతారు. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదట్లోనే అడగండి.