పిండికట్లు తీశాక బూట్లు మూడు వారాలు ఆపేశాము: పాప పాదం మళ్లీ లోపలికి తిరుగుతుందా?

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక తల్లి)
మా పాపకు 14 నెలలు. పుట్టినప్పుడే రెండు పాదాలూ లోపలికి తిరిగి (క్లబ్‌ఫుట్) ఉండటంతో, రెండో వారం నుంచి వారానికొకటి చొప్పున 6 పిండికట్లు వేశారు. ఆపై మడమ వెనక నరాన్ని చిన్నగా కత్తిరించి, మరో మూడు వారాలు కట్టు ఉంచి, చివరకు కడ్డీతో కలిపిన బూట్లు ఇచ్చారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు తొడిగాము. ఇప్పుడు రాత్రిపూట, పగటి నిద్రలో తొడగాలి. పోయిన నెల తమ్ముడి పెళ్లికి పుట్టింటికి వెళ్లినప్పుడు "పసిదానికి ఈ సంకెళ్లేమిటే" అని మా నాయనమ్మ బాధపడింది, పాపా ఏడ్చింది, మూడు వారాలు మానేశాము. ఇప్పుడు కుడి బూటులో మడమ నిలవడం లేదు. మళ్లీ చూపించే తేదీకి నెలన్నర ఉంది. అప్పటిదాకా ఆగవచ్చా? గ్రహణం నాడు నేను బయట తిరగడం వల్లే ఇలా పుట్టిందని అత్తగారు అంటున్నారు. వికలాంగ ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయాలా అన్నది కూడా తెలియడం లేదు.

జవాబు (ఖమ్మం నుంచి ఒక తండ్రి)
ఆగవద్దమ్మా. మా వాడికి రెండేళ్లప్పుడు మేమూ ఇదే పొరపాటు చేసి, మళ్లీ మూడు పిండికట్లు వేయించాల్సి వచ్చింది. బూటు తొడిగాక పిక్కను పట్టుకుని కాలిని మెల్లగా ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. లోపల వేళ్లు కూడా ముందుకూ వెనక్కూ జరిగాయంటే మడమ కిందికి దిగలేదన్నమాట. మేము బూటు లోపలి అట్టమీద వేళ్ల చివర పెన్నుతో గీత గీసుకుని, రోజూ అక్కడిదాకా వచ్చాయో లేదో చూసేవాళ్లం. ముందు మధ్య పట్టీ బిగించి, తర్వాతే లేసులు కట్టాలి. ఎర్రబడిన చోట క్రీములు రాయకండి, చర్మం మెత్తబడి పుండు పడుతుంది. ఏడుపు సంగతంటారా, రెండు కాళ్లూ విడివిడిగా ఆడించలేకపోవడమే వాళ్ల కోపానికి కారణం. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లనూ కలిపి వంచుతూ చాపుతూ ఆడిస్తే రెండు మూడు రోజుల్లో మావాడికి అలవాటైంది.

జవాబు (ఫిజియోథెరపిస్టు, గుంటూరు)
కత్తిరించినది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే స్నాయువు. పసిపిల్లల్లో అది మూడు వారాల్లో కొత్త పొడవుతో అతుక్కుంటుంది, అందుకే ఆ చివరి కట్టు. అమెరికాలోని అయోవాలో ఇగ్నేషియో పొన్‌సెటి రూపొందించిన ఈ పద్ధతిలో పాదాన్ని సరిచేసేది పిండికట్లే అయినా, దాన్ని నిలబెట్టేది బూట్లే. పిక్క, పాదం లోపలివైపు కణజాలం మళ్లీ బిగుసుకుపోయే గుణం మొదటి నాలుగైదేళ్లు ఉంటుంది కాబట్టి, పాదం చూడటానికి చక్కగా ఉన్నా నాలుగేళ్లు నిండేవరకు రాత్రిపూట తొడగమంటాము. నేను చూసిన తిరగబెట్టిన పాదాల్లో చాలావాటికి మానేసిన బూట్లే కారణం. మడమ జారడం తొలి గుర్తు కావచ్చు, లేదా బూటు చిన్నదై ఉండవచ్చు. చేత్తో పాదాన్ని పైకి వంచి చూస్తేగాని తేలదు కనుక ఈ వారమే వెళ్లండి. తొందరగా పట్టుకుంటే ఒకటి రెండు కట్లతో సరిపోవచ్చు. ఆలస్యమైతే, పెద్దయ్యాక కండరపు స్నాయువును పక్కకు మార్చి కుట్టే శస్త్రచికిత్స దాకా పోతుంది.
ఇక గ్రహణం మాట. సుమారు వెయ్యి జననాల్లో ఒకరికి ఇలా వస్తుంది, మగపిల్లల్లో రెట్టింపు. చాలామందిలో కారణం తెలియదు. మీరు బయట తిరగడానికీ దీనికీ సంబంధం లేదు. అత్తగారినే ఒకసారి వెంట తీసుకెళ్లి డాక్టరుతో చెప్పించండి, రాత్రి బూట్లు తొడిగే చేతులు ఇంకో రెండు కలుస్తాయి.

జవాబు (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో పనిచేసే ఉపాధ్యాయురాలు)
ధ్రువపత్రానికి తొందరపడనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. చికిత్సతో పాదం సరైన పిల్లలకు అంత రాకపోవచ్చు, రాకపోవడమే మనకు కావలసినది. చికిత్స తర్వాత కూడా నడకలో ఇబ్బంది మిగిలితే అప్పుడు ప్రభుత్వం వైకల్య శాతాన్ని నిర్ధారించే శిబిరంలో చూపించవచ్చు. అంగన్‌వాడీలో చేర్చేటప్పుడు మాత్రం, పగలు నిద్రపుచ్చితే బూట్లు తొడగాలని టీచరుకు ముందే చెప్పి, పట్టీ ఎలా బిగించాలో చేసి చూపించండి.

ప్రశ్న అడిగినవారు
రాత్రి కదిపి చూశాను. ఎడమ కాలి వేళ్లు కదల్లేదు, కుడివి మాత్రం అర అంగుళం వెనక్కి జరిగాయి. సోమవారం వెళ్తున్నాము, అత్తగారూ వస్తానన్నారు.