ప్రైవేటు అంబులెన్సు ఛార్జీలను ప్రభుత్వం ఖరారు చేయాలా?

బ్రాడీపేట వాసి:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు విజయవాడ తీసుకువెళ్లమని చెప్పి, తమ వాకిట్లో ఉన్న అంబులెన్సునే ఎక్కించారు. పట్టుమని 40 కిలోమీటర్లు లేని దారికి 9,500 రూపాయలు తీసుకున్నారు. ఇచ్చిన చీటీలో బండి నంబరు లేదు, కిలోమీటర్లు లేవు. "ఆక్సిజన్, వెయిటింగ్, ఇతరములు" అని రాసి పక్కన ఒకే అంకె వేశారు. మాది ఆరోగ్య సంజీవని పాలసీ. ఒకసారి ఆసుపత్రిలో చేరితే అంబులెన్సుకు 2,000 రూపాయలకు మించి ఇవ్వరు కనుక మిగిలినదంతా మా నెత్తిన పడింది. కేరళ ప్రభుత్వం 2024లో అంబులెన్సు రకాన్ని బట్టి కనీస ఛార్జీని, కిలోమీటరు ఛార్జీని ఖరారు చేసింది. మన రాష్ట్రంలో ఎందుకు చేయకూడదు?

పటమట:
108 ఉచితమే కదండీ, పిలవలేదా?

బ్రాడీపేట వాసి:
పిలిచే వ్యవధి ఎవరిచ్చారండీ? మేము బిల్లు కడుతుండగానే స్ట్రెచర్ బండి ఎక్కేసింది.

కొత్తపేట అంబులెన్సు యజమాని:
మీ బాధ నాకు అర్థమైంది కానీ, కిలోమీటర్లు లెక్కగట్టి ధర నిర్ణయించడం సరికాదు. విజయవాడలో రోగిని దింపాక బండి ఖాళీగా తిరిగి రావాలి. అంబులెన్సు ఎలా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం ఏఐఎస్-125లో డి రకం అంటే ప్రాణాపాయంలో ఉన్న రోగులను తరలించే బండి; అందులో వెంటిలేటరు, మానిటరు ఉండాలి, వాటిని నడపడానికి శిక్షణ పొందిన టెక్నీషియన్ కావాలి. కేసు ఉన్నా లేకపోయినా టెక్నీషియన్ జీతం, ఫైనాన్సు వాయిదా కట్టక తప్పదు.

బ్రాడీపేట వాసి:
తిరుగు ప్రయాణం డీజిలు రోగి ఎందుకు భరించాలో చెప్పండి.

కొత్తపేట అంబులెన్సు యజమాని:
రోగి కోసమే వెళ్లింది కనుక. ఎవరూ భరించకపోతే బండి వెళ్లదు.

బ్రాడీపేట వాసి:
అయితే రానుపోను కలిపి ఎంతో ముందే చెప్పి ఎక్కించుకోండి. మనిషి కొన ఊపిరితో ఉన్నప్పుడు బేరమాడలేమని తెలిసే కదా ఎంత తోస్తే అంత అడుగుతున్నారు? ఇది వైద్య సేవ అనిపించుకోదు, దోపిడీ.

కొత్తపేట అంబులెన్సు యజమాని:
దోపిడీ అన్నారు కనుక చెబుతున్నాను. ఆ 9,500లో బండికి దక్కినది ఎంతో మీకు తెలుసా? వాకిట్లో నిలబడాలంటే కొన్ని ఆసుపత్రుల్లో కేసుకు ఇంతని వాటా ఇవ్వాలి, ఇవ్వని బండిని గేటు దాటనివ్వరు. నేను ఇవ్వనన్నందుకు నా బండ్లు రోడ్డు అవతల నిలబడి ఉన్నాయి. మీరు ధరల పట్టిక పెట్టించినా వాటా తగ్గదు. వాటా ఇచ్చేవాడు టెక్నీషియన్‌ను దింపేసి, ఉత్త డ్రైవరుతో రోగిని పంపుతాడు.

సూర్యారావుపేట:
గేటు సంగతి నిజమే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి వద్ద అక్కడి డ్రైవర్లు బయటి అంబులెన్సును రానివ్వకపోతే, ఒక తండ్రి కొడుకు మృతదేహాన్ని మోటారు సైకిలు మీద 90 కిలోమీటర్లు తీసుకువెళ్లాడు. ధర ఎంతైనా, రోగి తరఫువారు తమకు నచ్చిన బండిని పిలుచుకునే హక్కు ముందు రావాలి.

బ్రాడీపేట వాసి:
హక్కు ఉన్నా ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఎవరు వాడుకోగలరండీ? ఆ నిమిషంలో ఎదుట ఏ బండి ఉంటే అదే ఎక్కిస్తాం. అందుకే ధర ముందే గోడమీద ఉండాలి అంటున్నాను. 2020 సెప్టెంబరులో కోవిడ్ రోగుల కోసం సహేతుకమైన అంబులెన్సు ఛార్జీలు నిర్ణయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది కదా, పక్షవాతం రోగి ఏ పాపం చేశాడు?

కొత్తపేట అంబులెన్సు యజమాని:
నిర్ణయించండి, కానీ ఆ ధరను బీమా సంస్థ నేరుగా మాకు చెల్లించేలా కూడా నిర్ణయించండి. పాలసీ 2,000 దగ్గరే ఆగిపోయి, పట్టికలో 4,000 ఉంటే, మిగతా డబ్బు కోసం రోగి బంధువులతో గొడవపడవలసింది మా డ్రైవరే.

బ్రాడీపేట వాసి:
బీమా సంస్థను పరిమితి పెంచమని నేను అడిగాను. ఏ ధర ప్రకారం పెంచాలని ఎదురు అడిగారు. చూపించడానికి నా చేతిలో "ఇతరములు" అని రాసిన ఆ చీటీ తప్ప మరేమీ లేదు.